ఎడంచేత్తో దించిన యంత్రం

సైన్సు బ్లాకు వెనక సందులో, టీ అక్క కొట్టు ముందు, సాయంత్రం నాలుగయ్యేసరికి ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ముందొచ్చినవాళ్ళవి. గోడవారనున్న రాయి తోటమాలిది. రేకు కింద, నీలం రెగ్జిను కప్పిన పొడుగాటి బల్ల మాత్రం టన్ను బాబాయిది. దానిమీద నలుగురు పడతారు గానీ, మాట్లాడేటప్పుడు ఆయన చేతులకి చోటు కావాలి కాబట్టి ముగ్గురే సర్దుకుంటారు.

టన్ను బాబాయి యూనివర్సిటీ స్టోర్సులో అటెండరు. బయటినుంచి ఏ సామానొచ్చినా దించుకోవడం, సంతకం పెట్టడం, ఆయా డిపార్టుమెంట్లకి చేర్చడం ఆయన పని. ఆయన నోట కిలో అనే మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. సుద్దముక్కల డబ్బా మోసినా టన్నే. అందుకే ఆ పేరు. ఆ పేరంటే ఆయనకి కోపం లేదు సరికదా, ఒక్క టన్నేనా అని లోపల చిన్న వెలితి కూడా ఉంది.

ఆ బుధవారం సాయంత్రం పరిశోధన అమ్మాయి కూడా కొట్టు దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ రాదు. మూడో అంతస్తు ల్యాబులోనే ఫ్లాస్కులో టీ తెచ్చుకుని తాగే మనిషి.

ఆ యూనివర్సిటీ పెద్ద గేటుకి ఒక బ్యానరు ఉంది. పదేళ్ళలో ప్రపంచంలోని మొదటి వంద పరిశోధనా విశ్వవిద్యాలయాల్లో మనదొకటి అవుతుందని దానిమీద రాశారు. బ్యానరు చిరిగినప్పుడల్లా కొత్తది కడతారు. పదేళ్ళు మాత్రం పదేళ్ళలాగే ఉంటాయి. దాన్ని చూసి నవ్వుకుంటూ లోపలికొచ్చేవాళ్ళే అందరూ. ఈ అమ్మాయి నవ్వదు. ఆమె ఆ మాట నిజంగా నమ్మింది, నమ్మి మూడేళ్ళుగా ఎండకి వాడిపోని చిక్కుడు మొక్కల ఆకులు నూరి, ఆ రసాన్ని చిన్నచిన్న గొట్టాల్లో పోసి, ఫ్రిజ్‌లో దాచిపెట్టింది. ఆ రసంలో ఏముందో తేలాలంటే ఒక యంత్రం కావాలి. సెంట్రిఫ్యూజ్ అంటారు. గిర్రున తిప్పి, బరువున్నదాన్ని అడుక్కి దించి, తేలికదాన్ని పైన వదిలేస్తుంది.

ఆ యంత్రాన్ని ఏడాదిన్నర కిందటే తెప్పించారు. పంపేశామని కంపెనీవాళ్ళు అంటారు. స్టోర్సు రిజిస్టరులో 'వచ్చినది, డిపార్టుమెంటుకు చేర్చడమైనది' అని టన్ను బాబాయి సంతకం ఉంది. డిపార్టుమెంటు రిజిస్టరులో 'అందలేదు' అని ఉంది. మధ్యలో పదిహేడు ఉత్తరాలు నడిచాయి గానీ యంత్రం నడవలేదు. మొన్న సోమవారం అమ్మాయి పరిశోధన చూసే మేడం, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, "శుక్రవారం దాకా చూద్దామమ్మా, దొరక్కపోతే అంశం మార్చేద్దాం," అంది. అంశం మార్చడమంటే మూడేళ్ళ గొట్టాలూ సింకులో పారబోయడం. ఆ మాట విన్నప్పటినించీ అమ్మాయికి అన్నం సయించడం లేదు.

పొద్దున స్టోర్సు కిటికీ దగ్గరికెళ్ళి అడిగింది. టన్ను బాబాయి రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చూపించి, "చేర్చేశా కదా తల్లీ," అన్నాడు. ఇంకేం అడుగుతుంది? లైబ్రరీలో పుస్తకాలు కుట్టే బైండరు ఆమె మొహం చూసి జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు.

"కిటికీ దగ్గర అడిగితే రిజిస్టరు మాట్లాడుతుందమ్మా. టీ కొట్టు దగ్గర అడిగితే మనిషి మాట్లాడతాడు. యంత్రం ఎక్కడుందని అడక్కు. ఎలా దించారని అడుగు."

అందుకని వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అడిగింది.

"ఎలా దించానంటావా!" టన్ను బాబాయి బల్లమీద వెనక్కి జరిగి, కాళ్ళు వేలాడేసి, మడమలతో బల్లని ఠకఠక కొట్టుకుంటూ సర్దుకున్నాడు. "అక్కా, ఈ అమ్మాయికో టీ. నాకూ ఒకటి. చెప్పేది కొంచెం పొడుగు."

"మొన్న చెప్పినప్పుడు రెండు టీలు పట్టింది," అంది టీ అక్క.

"మొన్న తొందరలో ఉన్నాను. విను తల్లీ. ఆ రోజు స్టోర్సులో నేనొక్కణ్ణే. మా సూపరింటెండెంటు సెలవు, కుర్రాళ్ళిద్దరూ కొత్త కుర్చీలు మోయడానికి ఆడిటోరియానికి పోయారు. అప్పుడొచ్చింది లారీ. డ్రైవరు దిగి, పెట్టెని చూశాడు, నన్ను చూశాడు, 'ఇంకెవరూ లేరా?' అన్నాడు. 'ఇంకెవరెందుకూ?' అన్నాను. అంతే, నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు, మీకు తెలుసుగా."

"తెలుసు, తెలుసు," అన్నాడు బైండరు, టీలోకి చూస్తూ.

"లారీ ఈ సందు మొదట్లోనే ఆగిపోయింది, ఇంకా ముందుకి పట్టలేదు. రెండు చెక్కలు వాల్చి, కింద ఇనప గొట్టాలు పెట్టి, డ్రైవరూ క్లీనరూ ఒక పక్క, నేనొక పక్క పట్టి దించాం. పట్టి దించాం అంటే, మర్యాదకి అంటున్నాను గానీ, వాళ్ళిద్దరూ పట్టుకున్నట్టు నటించారు. పెట్టె బరువంతా నామీదే. రెండు టన్నులు."

"మొన్న ఒకటిన్నరన్నావు మామా," అన్నాడు రాతిమీదనుంచి తోటమాలి.

"మొన్న పెట్టె లేకుండా చెప్పాను. రెండు టన్నులూ ఎడంచేత్తో దించాను. ఎడమెందుకూ అని అడగరేం? కుడిచేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది మరి, నలిగితే ఊరుకుంటారా! డ్రైవరు నా కాళ్ళమీద పడబోయాడు. వద్దు నాయనా, లారీ తీసుకుని క్షేమంగా వెళ్ళు అన్నాను. పెట్టె నెత్తికెత్తుకుని బయల్దేరాను. ఎండ మాడిపోతోంది, గొంతు తడారిపోయింది, అక్క కొట్టు కనబడింది, ఒక టీ తాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లిఫ్టు పాడైంది."

"అది ఎప్పుడు బాగుంది కనక?" అంది టీ అక్క.

"అదే చెప్తున్నా. మూడంతస్తులూ మెట్లమీదే ఎక్కాను. నేను అడుగేసిన మెట్టల్లా పగిలింది. కావాలంటే వెళ్ళి చూడండి, ఆ పగుళ్ళు ఇప్పటికీ ఉన్నాయి."

"ఆ పగుళ్ళు నేను ఉద్యోగంలో చేరకముందు నించీ ఉన్నాయి మామా."

"ఉంటే ఉన్నాయి. అప్పుడు వాటికి కారణం లేదు, ఇప్పుడుంది."

అందరూ గొల్లుమన్నారు. అమ్మాయి కూడా నవ్వబోయింది గానీ, ఫ్రిజ్‌లోని గొట్టాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. మూడో అంతస్తులో ఆమె ల్యాబుకి ఒకే ఒక్క తలుపు. ఆ తలుపులోంచి రెండు టన్నులు కాదు, రెండు తులాల బరువున్న కొత్త వస్తువైనా ఏడాదిన్నరగా రాలేదని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"సరే, పైకి చేర్చాను, పెట్టె విప్పాను, స్విచ్చి వేశాను," బాబాయి గొంతు తగ్గించాడు. అందరూ ముందుకి వంగారు. "ముందు ఏం పోసి చూశానో తెలుసా? అక్క ఇచ్చిన టీ. గ్లాసులో కొంచెం మిగిల్చి పట్టుకెళ్ళా లే. గిర్రున తిరిగింది. ఆపి చూద్దును కదా, నీళ్ళు ఒక పక్క, చక్కెర గడ్డకట్టి ఒక పక్క, టీపొడి మళ్ళీ పచ్చటి ఆకులై ఒక పక్క!"

"పాలో?" అంది టీ అక్క.

"అదొక్కటే వెతికినా కనబళ్ళేదు."

అక్క భుజంమీది తువ్వాలు తీసి ఆయన వీపుమీద ఒక్కటి వేసింది. బైండరుకి పొలమారింది. ఆయన అవన్నీ సన్మానంలాగే తీసుకుని ఇంకో గుక్క తాగాడు.

"తర్వాత వైస్ ఛాన్సలర్ గారి ప్రసంగం దొరికింది, బల్లమీద పడుంది. మనం పరిశోధనలో ప్రపంచాన్ని ఎలా దాటిపోబోతున్నామో నలభై పేజీలు రాశారు. చుట్టచుట్టి గొట్టంలో పెట్టి తిప్పాను. ముప్పై తొమ్మిదిన్నర పేజీలు నురగై పైకి తేలిపోయాయి. అడుగున ఒకే ఒక్క వాక్యం మిగిలింది. 'ల్యాబులో మధ్యాహ్నం పూట కరెంటు పోకుండా చూడగలరు.' తీసుకెళ్ళి ఆయనకే చూపించాను. ఇది నేనే రాశానా అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"పాపం, మంచివాడే," అన్నాడు బైండరు.

"చాలా మంచివాడు. ఆ ఉత్సాహంలో వేగం ఇంకాస్త పెంచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రం తిరగడం మానేసి భవనం తిరగడం మొదలెట్టింది! మొత్తం సైన్సు బ్లాకు! తూర్పు కిటికీలు పడమటికొచ్చాయి. పొద్దున్న క్లాసుకి కూర్చున్నవాళ్ళకి సాయంత్రం ఎండ తగిలింది. లెక్కల డిపార్టుమెంటు పంతులుగారు మెట్లు దిగుతూ దిగుతూ కెమిస్ట్రీలో తేలాడు. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కనే ఉన్న డిపార్టుమెంట్లు అవి, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు. చూసుకున్నారు, మాట్లాడుకున్నారు, సాయంత్రానికి కలిసి ఒక పరిశోధన పత్రం రాసిపారేశారు!"

"ఇది మాత్రం నమ్మను," అన్నాడు బైండరు గట్టిగా. "భవనం తిరిగిందంటే సరే. ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారంటే మాత్రం నమ్మను."

"సరిగ్గా అప్పుడే ర్యాంకులిచ్చే కమిటీ దిగింది. కోట్లూ, బూట్లూ, మెడలో బిళ్ళలూ. ముందు గుమ్మంలోంచి లోపలికెక్కారు, అన్నీ చూశారు, బయటికొచ్చారు. ఈలోగా భవనం తిరిగింది కదా, మళ్ళీ ఎదురుగా గుమ్మం. ఇది ఇంకో బ్లాకు కాబోలనుకుని మళ్ళీ ఎక్కారు. అలా ఒకే భవనాన్ని పదకొండుసార్లు చూసి, 'ఇక్కడ పదకొండు సైన్సు బ్లాకులున్నాయి, పదకొండింట్లోనూ ఒకే క్రమశిక్షణ, ఒకేలాంటి పగిలిన మెట్లు' అని రాసుకుపోయారు. మన ర్యాంకు నాలుగొందల చిల్లర ఉండేదా? మూడొందలైంది, వందైంది, పదైంది, ఒకటైంది."

"అక్కడితో ఆగిందా మామా?"

"ఆగితే నేనెందుకు చెప్తాను! ఒకటి దగ్గర బ్రేకు పడలేదు, దాటేసి ముందుకుపోయింది. మీకివ్వడానికి మా దగ్గర అంకెలు లేవు, క్షమించమని కమిటీవాళ్ళు ఉత్తరం రాశారు. దేశదేశాల పెద్ద యూనివర్సిటీల వాళ్ళు ఇదిగో ఈ సందులో వరసకట్టి నిలబడ్డారు, మాక్కూడా కొంచెం తిప్పడం నేర్పమని."

"నా కొట్టు ముందే? నాకొక్కడూ కనబళ్ళేదే," అంది టీ అక్క.

"ఆ రోజు నువ్వు కొట్టు తియ్యలేదు."

బైండరు గ్లాసు కింద పెట్టాడు. అమ్మాయి వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగాడు. "అంతా బాగుంది గానీ బావా, మరి ఇప్పుడా యంత్రమేదీ?"

టన్ను బాబాయి నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన కథలు వింటున్న ఆ కొట్టు దగ్గర ఎవరూ అంతవరకూ చూడని దృశ్యం అది.

"ఉంది," అన్నాడు. "అక్కడే ఉంది, మూడో అంతస్తులో. తిరుగుతోంది. ఫ్యాను గట్టిగా తిరిగితే రెక్కలు కనబడతాయా? ఇదీ అంతే. అంత వేగంలో కంటికి ఆనదు."

మళ్ళీ నవ్వులే నవ్వులు. అమ్మాయికి మాత్రం ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. తన మూడేళ్ళు సింకు పాలవుతుంటే వీళ్ళకి కాలక్షేపమా అనిపించింది. లేచి వెళ్ళిపోదామని సంచీ భుజానికి తగిలించుకుంది కూడా. కానీ బాబాయి మొహం చూసి ఆగింది. ఆ మొహంలో దాపరికం లేదు, దిగులుంది. యంత్రం ఎక్కడుందో ఆయనకీ తెలియదు. చేర్చాననే ఆయన నమ్ముతున్నాడు, చేర్చిన యంత్రం కనబడకపోవడం ఆయనకీ అర్థం కావడం లేదు.

అప్పుడామెకి తన పనే గుర్తొచ్చింది. తిప్పాలి, తేలినది పారబోయాలి, అడుగున దిగినది చూడాలి. ఆమె ఆ కథని మనసులో మొదటినించీ తిప్పింది. భవనం తేలిపోయింది. కమిటీ తేలిపోయింది. పగిలిన మెట్లూ, వైస్ ఛాన్సలర్ కన్నీళ్ళూ, ఎడంచెయ్యీ తేలిపోయాయి. అడుగున ఒక్కటి మిగిలింది. గొప్ప చెప్పుకోవడానికి ఏమాత్రం పనికిరాని ముక్క. అబద్ధం ఆడేవాడికి ఆ ముక్కతో పనేముంటుంది?

"బాబాయీ," అంది. "ఒక్క సందేహం. దారిలో టీ తాగానన్నారు కదా?"

"తాగాను. ఇక్కడే. అక్క సాక్షి."

"తాగేటప్పుడు పెట్టె నెత్తిమీదే ఉందా?"

"నీకేమన్నా మతిపోయిందా తల్లీ? రెండు టన్నులు నెత్తిమీదుంటే టీ గొంతు దిగుతుందా? కింద పెట్టాను."

"ఎక్కడ?"

"ఎక్కడేమిటి, ఇక్కడే. ఈ రేకు కింద, నీడలో."

"తర్వాత మళ్ళీ ఎత్తారా?"

బాబాయి ఎత్తానని అనబోయాడు. చెయ్యి కూడా సగం లేచింది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాళ్ళు బల్లని కొట్టడం ఆగిపోయింది.

"ముందు పైకెళ్ళి చూసొచ్చాను," అన్నాడు నెమ్మదిగా, ఎవరో వేరేవాళ్ళ సంగతి చెబుతున్నట్టు. "ల్యాబుకి తాళం వేసుంది. అప్పటికే ఐదైంది. ఏ రోజు సామాను ఆ రోజే రాసెయ్యాలి కదా, రాసేసి సంతకం పెట్టేశాను. పొద్దున్నే వచ్చి చేరుద్దామనుకున్నాను. పొద్దున్నే పరీక్షల పనిమీద వేసేశారు నన్ను. రెండు నెలలు ఇటువైపే రాలేదు."

ఆ రెండు నెలల్లోనూ ఆయన ఈ కథని పరీక్షల విభాగంలో నలభైసార్లైనా చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ పెట్టెని మూడో అంతస్తుకి చేర్చాడు. నలభైసార్లు చేర్చాక, అసలు ఒక్కసారీ చేర్చలేదని ఎవరికి గుర్తుంటుంది?

టీ అక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఒరి నాయనో! ఒకరోజు పొద్దున్నే కొట్టు తీసేసరికి ఇదిక్కడుంది. కూర్చోడానికి ఒక బల్ల వేయించండి బాబూ అని మూడేళ్ళుగా ఆఫీసుకి అర్జీలు పెడుతున్నా కదా, ఇన్నాళ్ళకి కనికరించారనుకున్నా! మేకులు గుచ్చుకుంటున్నాయని మెత్త వేసి, చుట్టూ రెగ్జిను కొట్టించింది నేనే. ఎంత మంచి యూనివర్సిటీ అని నలుగురికీ చెప్పాను కూడా!"

బల్లమీదున్న ముగ్గురూ ఒక్కసారిగా లేచారు, నిప్పుమీద కూర్చున్నట్టు. తోటమాలి తన కత్తెర తీసుకొచ్చి, రెగ్జినుని ఒక మూలనించి కోసుకుంటూ పోయాడు. లోపల చెక్క కనబడింది. చెక్కమీద కంపెనీ ముద్ర, డిపార్టుమెంటు పేరు, జాగ్రత్త అని ఎర్ర అక్షరాలు, పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు. అమ్మాయి మోకాళ్ళమీద కూర్చుని ఆ ఇనప పట్టీలమీద చెయ్యి వేసింది. ఒక్క పట్టీ తెగలేదు. ఒక్క చెక్క చెమ్మగిల్లలేదు.

"బాణం చూశారా?" టన్ను బాబాయికి అప్పుడే ప్రాణం లేచొచ్చింది. "పైకే ఉంది! తలకిందులు చెయ్యకుండా, నిటారుగా, ఎంత జాగ్రత్తగా దించానో చూడండి!"

"దించావు మామా, కాదన్లేదు," అన్నాడు తోటమాలి, కత్తెర మూస్తూ. "ఎడంచేత్తోనే దించావు. ఇప్పుడు నీ కుడిచెయ్యి కూడా ఖాళీయే. ఎత్తు, చూద్దాం."

ఎవరూ నవ్వలేదు. అందరూ ఎదురుచూశారు. బాబాయి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, చెక్కమీద ఒక మూల ఉన్న చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"ఎంతుందటా?" అన్నాడు బైండరు.

"రెండొందల ఇరవై," అని ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. పరిశోధన అమ్మాయి మొహంలోకి చూశాడు. "కిలోలు," అన్నాడు.

ఆ మాట ఆయన నోట ఎవరైనా వినడం అదే మొదలు.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు తర్వాత. "ఏడాదిన్నరగా నీ చదువుమీద కూర్చుని కబుర్లు చెప్పాను."

అమ్మాయికి ఆయనమీద ఎంత కోపం రావాలో అంతా వచ్చి, ఎలా వచ్చిందో అలాగే పోయింది. "ఇవాళ బుధవారమే కదా బాబాయీ," అంది. "పదండి, మోద్దాం."

ఎనిమిది మంది కావాల్సొచ్చింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళు, దారినపోయేవాళ్ళు, లెక్కల పంతులుగారొకరు, కెమిస్ట్రీ పంతులుగారొకరు. లిఫ్టు యథాప్రకారం పాడై ఉంది. ముందు ఎడమ మూల ఎవరికీ ఇవ్వనని టన్ను బాబాయి పట్టుబట్టి తనే పట్టుకున్నాడు. ప్రతి మలుపులోనూ పెట్టె దించి ఆయాసపడ్డారు. అమ్మాయి ముందు నడుస్తూ తలుపులు తీసి పట్టుకుంది. మూడో అంతస్తుకి చేరి, ఫ్రిజ్ పక్కన పెట్టె దించాక, డిపార్టుమెంటు రిజిస్టరు తెచ్చి 'అందలేదు' అన్న మాట కొట్టేసి 'అందినది' అని రాసి, ఆ రోజు తేదీ వేసింది. టన్ను బాబాయి ఆ పేజీని చాలాసేపు చూశాడు.

మేడంకి ఫోను చేయడానికి అమ్మాయి వరండాలోకి వెళ్ళింది. "దొరికింది మేడం," అంటున్న ఆమె గొంతు లోపలికి వినబడుతూనే ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

బైండరు గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నాడు. "రేపటినించి ఈ కథ ఎలా చెప్తావు బావా?"

"ఉన్నదున్నట్టు చెప్తాను," అన్నాడు టన్ను బాబాయి, నేలమీద చతికిలబడి, ఎడమ భుజం నొక్కుకుంటూ. "దాచేదేముంది? ఎనిమిది మందిమి కలిసి మోశాం."

కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"అందులో ఏడుగురు పట్టుకున్నట్టు నటించారు."